ప్రహరీ గోడ మీద ముగ్గు

మా పెరట్లో బట్టలు ఉతికే బండకు ఎదురుగా 20 అడుగుల ప్రహరీ గోడ ఉంది. ఇల్లు కట్టేటప్పుడు చేతిలో డబ్బులు అయిపోయే వేళకే ప్రహరీ వంతు వస్తుంది. మా గోడా అందుకే సిమెంటు పూత దగ్గర ఆగిపోయింది. పన్నెండేళ్ళు ఆ బూడిద రంగునే చూస్తూ బట్టలు ఉతికాం. ఒక ఏడాది ఉత్సాహం వచ్చి, ఫోన్లో ఒక నెమలి బొమ్మ చూసుకుంటూ గోడ మీద దించడానికి కూర్చున్నాను. రెండు రోజుల కష్టానికి ఫలితంగా ఈకలు తగిలించుకున్న కోడి ఒకటి తయారైంది. మా అత్తయ్య కుర్చీ వేసుకుని కూర్చుని చూసి, "నెమళ్ళు నువ్వెప్పుడు వేశావు గనక? ఊహ తెలిసినప్పటి నుంచీ ముగ్గులేస్తున్నావు. చేతికి వచ్చింది వెయ్యరాదూ?" అంది.

ఆ మాట పట్టుకునే ఇదంతా రాస్తున్నాను. బొమ్మలు గీయడం వచ్చినవాళ్ళకు నా సలహాలతో పని లేదు. బొమ్మలు రావు గానీ వాకిట్లో ముగ్గు వేస్తే వీధిలో నలుగురు ఆగి చూసేవాళ్ళు మన ఇళ్ళలో చాలామందే ఉన్నారు. మీరు వాళ్ళలో ఒకరైతే, లేదా మీ ఇంట్లో అలాంటివాళ్ళు ఉంటే, మీ గోడ సగం అయిపోయినట్టే. మిగతా సగం గోడను సిద్ధం చేసుకోవడం. నిజం చెప్పాలంటే అసలు కష్టం అక్కడే ఉంది.

లెక్కలు తేలికగా ఉంటాయని 20 అడుగుల పొడవు, 5 అడుగుల ఎత్తు గోడ అనుకుని చెబుతాను. అంటే 100 చదరపు అడుగులు. మీ గోడ ఎంతుంటే దాన్ని బట్టి సరిచూసుకోండి.

ఎప్పుడు, ఏ గోడకు

వానాకాలంలో దీని జోలికి పోకండి. గోడ లోపలి చెమ్మ ఆరదు. ఏప్రిల్, మే నెలల్లో ఇంకో తిప్పలు: కుంచె గోడకు తాకేలోపే రంగు ఆరిపోయి గీత చారలు చారలుగా వస్తుంది. డిసెంబరు నుంచి మార్చి మొదటి వారాల దాకా బాగుంటుంది. ముగ్గుల నెల కూడా అందులోనే ఉంది కాబట్టి చెయ్యి కూడా వేడెక్కి ఉంటుంది. అప్పుడు కూడా ఎండ నేరుగా పడుతున్న గోడకు వెయ్యకండి. తూర్పు ముఖం గోడకు సాయంత్రం, పడమటి ముఖం గోడకు పొద్దున్న వేసుకోవాలి. అరచెయ్యి గోడకు ఆనించి చూడండి. కాసేపు ఉంచలేనంత వేడిగా ఉంటే ఆ పూటకు మానేయండి.

కొత్తగా ప్లాస్టరింగ్ చేసిన గోడైతే నెల రోజులు ఆగాలి. సిమెంటులోని తడీ క్షారమూ తగ్గకముందే రంగు వేస్తే పొక్కులు లేస్తాయి.

పాత గోడకు చెమ్మ పరీక్ష ఒకటి చెయ్యండి. అడుగు చదరం పాలిథీన్ కవరు ముక్కను గోడకు ఆనించి, నాలుగు పక్కలా టేపు అంటించి ఒక రోజు వదిలేయండి. మర్నాడు కవరు లోపలి వైపు నీటి బొట్లు కనిపిస్తే గోడ ఇంకా తడిగా ఉందన్నమాట. ఈ పరీక్ష రెండు చోట్ల చెయ్యాలి, నేల దగ్గర ఒకటి, నడుము ఎత్తులో ఒకటి. మన ప్రహరీలు చాలావాటికి పైన పొడిగా, కింద అడుగున్నర దాకా తడిగా ఉంటుంది. పునాదిలోంచి నీరు పైకి ఎక్కుతూ ఉంటుంది, దాంతోపాటు ఉప్పు కూడా. తెల్లటి పొడిగా పైకి కనిపించేది అదే. ఈ కింది అడుగున్నర సంగతి మర్చిపోకండి, దాని గురించి విడిగా చెబుతాను.

ఇంకొకటి, ఆ గోడ మీదేనా? పక్కింటివాళ్ళతో ఉమ్మడి గోడైతే మీ వైపే వేసినా ఒక మాట చెవిన వెయ్యండి. మేకులు కొట్టినా, గోడ తడిపినా చెమ్మ వాళ్ళ వైపూ దిగుతుంది. వీధి వైపు గోడ సంగతి వేరు. అక్కడ పోస్టర్లు అంటించేవాళ్ళూ, గోడ కనిపిస్తే చాలు నిలబడేవాళ్ళూ ఉంటారు. వాళ్ళను ఆపడానికి దేవుడి బొమ్మలు వేయిస్తుంటారు గానీ, దేవుణ్ణి కాపలాకు నిలబెట్టడం నాకు నచ్చదు. ముందు పెరటి గోడతో మొదలుపెట్టండి. తప్పులు పోయినా చూసేది మీరే.

కడగడం, గీకడం

ఒక రోజు మొత్తం దీనికి తీసిపెట్టండి. ముందుగా పొడిగా ఉన్నప్పుడే ఇనప తీగల బ్రష్‌తో ఆ తెల్లటి ఉప్పు పొడిని రుద్ది దులపండి. దీన్ని నీళ్ళతో కడగాలని చూడకండి. ఉప్పు కరిగి మళ్ళీ గోడలోకే పోతుంది, వారం తిరక్కుండా మళ్ళీ పూస్తుంది. పొడి పొడిగా దులిపి, కింద రాలినదాన్ని చీపురుతో ఎత్తి పారబోయండి. మొక్కల మొదట్లో వెయ్యకండి.

ఆ తర్వాత పాకుడు. బక్కెట్టు నీళ్ళలో ఒక గ్లాసు బ్లీచింగ్ పౌడర్ కలిపి పాకుడు ఉన్నచోట పూసి, 20 నిమిషాలు ఆగి గట్టి బ్రష్‌తో తోమి, నీళ్ళు బాగా కొట్టి కడగండి. చేతులకు తొడుగులు ఉండాలి. బాత్రూం కడిగే యాసిడ్‌ను దీనితో మాత్రం కలపకండి, విషవాయువు వస్తుంది. ఏది ఎక్కువ పోస్తే అది బాగా శుభ్రం చేస్తుందనుకునే అలవాటు మనకుంది, అందుకే గట్టిగా చెబుతున్నాను. గోడ మొదట్లో మొక్కలుంటే ముందే గోనెసంచులు కప్పండి.

పగుళ్ళు ఉంటే వాటిలోని మట్టి గీకి, తడిపి, సిమెంటూ సన్న ఇసకా కలిపి పూడ్చండి. వెంట్రుకవాసి గీతలను పట్టించుకోనక్కర్లేదు, రంగులో కలిసిపోతాయి. పాత రంగు పొరలుగా లేస్తూ ఉంటే పుట్టీ బ్లేడుతో గీకేయాలి. గట్టిగా అంటుకుని ఉన్న రంగును ఊడబెరకాల్సిన పని లేదు, సాండ్ పేపర్‌తో ఒకసారి గరుకు చేస్తే చాలు.

గోడతోపాటు ఇనప గేటునూ గీకేద్దాం అనుకునేవాళ్ళకు ఒక జాగ్రత్త. పాతకాలపు ఆయిల్ పెయింట్లలో సీసం ఎక్కువగా ఉండేది. ఇళ్ళకు వాడే రంగుల్లో సీసం 90 పీపీఎం (పది లక్షల పాళ్ళలో 90 పాళ్ళు) దాటకూడదన్న నిబంధన మన దేశంలో 2017 నవంబరు నుంచే అమల్లోకి వచ్చింది. అంతకు ముందు వేసిన రంగును పొడిగా గీకి దుమ్ము రేపకండి. తడుపుతూ గీకండి, మాస్కు పెట్టుకోండి, చిన్నపిల్లల్ని ఆ దరిదాపులకు రానివ్వకండి.

ఇక పుట్టీ. లోపలి గోడలు నున్నగా ఉంటాయి కదా అని ప్రహరీకి కూడా పుట్టీ పెట్టించుకుంటారు. నేనూ పెట్టించాను. రెండో వానాకాలానికి అప్పడాల్లా లేచి ఊడిపడింది. ముగ్గుకు నున్నటి గోడ అవసరం లేదు. కళ్ళాపి చల్లిన మట్టినేల మీద ముగ్గు ఎంత అందంగా ఉంటుందో మనకు తెలుసు, ఆ నేల నున్నగా ఉండదు కదా.

కడిగాక మూడు నాలుగు రోజులు మంచి ఎండ తగలనివ్వండి.

కింది అడుగున్నర

ఇక్కడే నాకు పెద్దవాళ్ళ తెలివి అర్థమైంది. గుడి ప్రహరీలకు సున్నం, జాజు పట్టీలు వేస్తారు చూడండి, ఒకటి తెలుపు, ఒకటి ఎరుపు. అది అందానికే అనుకున్నాను ఇన్నాళ్ళూ. సున్నంలో ఇంకో సుగుణం ఉంది: అది గోడను ఊపిరాడనిస్తుంది. లోపలి చెమ్మ సున్నం పొరలోంచి బయటికి ఆరిపోతుంది. ప్లాస్టిక్ రంగు, ముఖ్యంగా ఎనామిల్, చెమ్మను లోపలే బిగించేస్తుంది. అది ఎటూ పోలేక రంగును పొక్కులా పైకి లేపుతుంది. అందుకే కింద 18 అంగుళాలు రంగుల డబ్బాను మర్చిపోయి సున్నమే వెయ్యండి. ఏడాదికోసారి పెచ్చులు లేచినా బ్రష్‌తో దులిపి మళ్ళీ పూయడం ఒక పూట పని.

గుల్ల సున్నాన్ని ఇంట్లో విరిచి నానబెట్టే ఓపిక ఉంటే సరే. లేకపోతే పొడి సున్నం సంచి తెచ్చుకోండి. గుల్ల సున్నమైతే నీళ్ళలో సున్నం వెయ్యాలి గానీ సున్నం మీద నీళ్ళు పొయ్యకూడదు, కుతకుతా ఉడికి మీద చిందుతుంది. ప్లాస్టిక్ బక్కెట్టు పనికిరాదు, ఆ వేడికి మెత్తబడుతుంది. కళ్ళజోడు పెట్టుకోండి. ఒక రాత్రి నానాక పల్చటి గుడ్డలో వడగట్టి, పాలంత పల్చగా చేసుకుని, కొంచెం తుమ్మబంక నానబెట్టిన నీళ్ళు కలపండి. గోడను ముందు నీళ్ళతో తడిపి, ఆ తడి మీదే పల్చగా మూడు పూతలు వెయ్యండి. వేసేటప్పుడు ఏమీ అంటలేదే అనిపిస్తుంది. కంగారు పడకండి, ఆరాక తెల్లబడుతుంది. చిక్కగా ఒకే పూత వేస్తే మాత్రం పొడిలా రాలిపోతుంది.

ఆ తెలుపు మీద 8 అంగుళాల వెడల్పుతో జాజు పట్టీలు. 20 అడుగులకు తెలుపు 15, ఎరుపు 15 వస్తాయి. జాజును ముందు రోజు రాత్రి నానబెట్టి, బంక నీళ్ళు కలిపి వాడండి. పట్టీ నిటారుగా రావాలంటే దారానికి ఒక రాయి కట్టి గోడ పైనుంచి వేలాడదీసి, దాని వెంట సుద్దతో గీసుకోండి. కళ్ళతో అంచనా వేస్తే పదో పట్టీకి పక్కకు వాలిపోతుంది.

ఇంతకు ముందే ఆ కింది భాగానికి ప్లాస్టిక్ రంగు ఉంటే దాని మీద సున్నం పట్టదు. దాన్ని గీకి సిమెంటు కనిపించేదాకా తెచ్చాకే సున్నం.

పైభాగానికి రంగు

కింద 18 అంగుళాలు పోగా పైన 42 అంగుళాలు మిగులుతుంది. దీనికి బయటి గోడలకు వాడే ప్రైమర్ ఒక పూత, ఎక్స్‌టీరియర్ ఎమల్షన్ రెండు పూతలు. మొత్తం 70 చదరపు అడుగులు కాబట్టి ప్రైమర్ ఒక లీటరు సరిపోతుంది. ఎమల్షన్ మామూలుగా లీటరుకు రెండు పూతలతో 50, 60 చదరపు అడుగులు వస్తుంది. గరుకు గోడ ఎక్కువే తాగేస్తుంది. రెండు లీటర్లు తెచ్చుకుంటే మిగిలినా ఇబ్బంది లేదు, ఎప్పుడో ఒకప్పుడు పైపూతలకు పనికొస్తుంది. లోపలి గోడల రంగు చవకని తెచ్చి వేస్తే ఒక్క వానకే కారిపోతుంది.

ఏ రంగు? నా మట్టుకు నేను ఎర్రమట్టి రంగే అంటాను. తెల్ల ముగ్గు తేలి కనిపించేది అలికిన నేల మీద, దాని రంగే గోడకూ కావాలి. మన్యంలో సవర గిరిజనులు ఎర్రమట్టి పూసిన గోడ మీద బియ్యప్పిండితో తెల్లగా వేసే చిత్రాలు చూస్తే ఈ రెండు రంగులూ చాలని మీకే తెలుస్తుంది. వాళ్ళ బొమ్మల్ని మాత్రం మీ గోడకు ఎత్తుకు రాకండి. వాళ్ళు అవి వేసేది అలంకారానికి కాదు, పెద్దలకూ దేవతలకూ మొక్కుగా. రంగుల జోడీని తీసుకోండి, చాలు.

ఇక్కడ నేను చేసిన పొరపాటు చెప్పాలి. ఖర్చు తగ్గుతుందని తెల్ల ఎమల్షన్ కొని, ఎర్ర స్టెయినర్ (డబ్బా రంగులో కలుపుకునే గాఢమైన రంగు) సీసాలు తెచ్చి కలిపాను. ఎంత పోసినా గులాబీ రంగే! తెల్ల డబ్బాలో ఎరుపు ఎంత కలిపినా ముదురు ఎరుపు రాదు. పంతం పట్టి పోస్తూ పోతే స్టెయినర్ ఎక్కువై రంగు సరిగా ఆరలేదు, బట్టలకు అంటింది. లీటరుకు 30 మిల్లీలీటర్లు దాటించకండి. ముదురు రంగు కావాలంటే షాపులో మెషిన్ మీద కలిపే డార్క్ బేస్ అడగండి. లేత రంగులకే స్టెయినర్ మంచిది.

రంగు ఎండకు వెలుస్తుంది కదా అంటే, అన్నీ ఒకేలా వెలవవు. ఎర్రమట్టి ఎరుపు, పసుపు మట్టి రంగు, నలుపు, తెలుపు ఏళ్ళ తరబడి నిలుస్తాయి. అవి మట్టిలో, రాయిలో పుట్టినవి, ఎండ వాటికి కొత్త కాదు. మెరిసే గులాబీ, ఊదా రంగులు ఒకట్రెండు వేసవులకే నీరసించిపోతాయి. షాపువాళ్ళు చూపించే కార్డులో అవే ఎక్కువ ఊరిస్తాయి మరి.

ప్రైమర్ వేసి ఒక రాత్రి ఆగండి. ఎమల్షన్ పూతకూ పూతకూ మధ్య నాలుగైదు గంటలు. రెండో పూత అయ్యాక ఒక రోజు ఆరనిచ్చి ముగ్గుకు దిగండి.

చుక్కలు

నేల మీద ముగ్గు వేసేటప్పుడు మనం ఒంగి, ముగ్గు చుట్టూ తిరుగుతాం. ఒంట్లోనే ఆ కొలత ఉంటుంది. గోడ ముందు నిలబడితే అది పనిచేయదు. చెయ్యి పైకెత్తిన చోట చుక్కలు దగ్గరవుతాయి, కిందికొచ్చేసరికి దూరమవుతాయి. మా అత్తయ్య, 21 చుక్కల ముగ్గు కళ్ళు మూసుకుని వేసే మనిషి, గోడ మీద 7 చుక్కలకే తడబడింది. "నేల మీద తప్పైతే రేపు పొద్దున్నకు చెరిగిపోతుంది. దీన్ని పదేళ్ళు చూడాలే అమ్మాయ్" అని సుద్దముక్క నా చేతిలో పెట్టేసింది. కాబట్టి చుక్కలకు మాత్రం కొలత ఉండాలి. కలపడం మీ చేతికి వదిలేయండి.

మొదటిసారికి 7 చుక్కలు, సందు చుక్కలు 4 వచ్చేదాకా. అంటే మధ్య వరసలో 7, దానికి పైనా కిందా 6, ఆపైన 5, ఆపైన 4. మొత్తం 37 చుక్కలు. చుక్కకూ చుక్కకూ మధ్య 4 అంగుళాలు పెట్టుకుంటే ముగ్గు 24 అంగుళాల వెడల్పు వస్తుంది. వరసకూ వరసకూ మధ్య మాత్రం 4 అంగుళాలు పెట్టకండి, మూడున్నర పెట్టండి. చుక్కలు సందుల్లో పడతాయి కాబట్టి ఎత్తు తగ్గితేనే అన్ని వైపులా చుక్కల దూరం సమానంగా వస్తుంది. నాలుగే పెడితే ముగ్గు నిలువునా సాగదీసినట్టుంటుంది. మూడున్నర చొప్పున ఆరు సందులకు 21 అంగుళాల ఎత్తు.

ఈ కొలతలు ఐదుసార్లు గోడ మీద పెట్టక్కర్లేదు. ఫ్రిజ్జో టీవీనో వచ్చిన అట్టపెట్టె విప్పి 28 అంగుళాల వెడల్పు, 25 అంగుళాల ఎత్తు ముక్క కత్తిరించండి. దాని మీద స్కేలుతో 37 చుక్కలూ పెట్టి, పెన్సిల్ దూరేంత రంధ్రాలు చెయ్యండి. అంతే, ముగ్గు జల్లెడ తయారు. మధ్య వరస వెంట అట్ట మీద ఒక అడ్డగీత, మధ్య చుక్క మీదుగా ఒక నిలువుగీత గీసి ఉంచండి.

గోడ మీద ముగ్గుల స్థానాలు ఇలా: ఐదు ముగ్గులు, ఒక్కోటి 24 అంగుళాలు. మధ్యలోనూ రెండు చివర్లలోనూ 20 అంగుళాల ఖాళీ. లెక్క చూసుకోండి, సరిగ్గా 240 అంగుళాలు వస్తుంది. పైన 6 అంగుళాలు అంచుకు వదిలితే, మిగిలిన 36 అంగుళాల పట్టీలో ముగ్గు నడిమధ్యన కూర్చుంటుంది. ఆ నడిమధ్యకు గోడ పొడుగునా ఒక దారం లాగాలి. దారానికి సుద్దపొడి పట్టించి, రెండు చివర్లా ఇద్దరు గట్టిగా బిగించి పట్టుకుని, మధ్యలో వేలితో లాగి వదిలితే గోడకు తగిలి నిఖార్సైన గీత పడుతుంది. మేస్త్రీలు చేసేది ఇదే. దారం మట్టంగా ఉందో లేదో చూడటానికి, పారదర్శకమైన సన్న గొట్టంలో నీళ్ళు నింపి రెండు చివర్లా నీటిమట్టం గుర్తు పెట్టుకోండి. గోడ పై అంచునుంచి కొలిచి పెట్టేద్దాం అనుకోకండి. ప్రహరీ పై అంచు మట్టంగా ఉన్న ఇల్లు నేను చూడలేదు.

అట్ట మీది అడ్డగీతను గోడ మీది గీతతో కలిపి ఒకరు పట్టుకుంటే, ఇంకొకరు రంధ్రాల్లోంచి సుద్దతో చుక్కలు పెట్టాలి. ఐదు ముగ్గుల చుక్కలూ అరగంటలో అయిపోతాయి.

కలపడం

ముందు మొత్తం సుద్దతోనే కలపండి. నచ్చకపోతే తడిగుడ్డతో తుడిచేయొచ్చు. మధ్య చుక్క నుంచి ఆరు వైపులకూ రెండేసి చుక్కల దూరం వెళ్ళే ఆరు రేకులు వెయ్యండి. ప్రతి రేకు కడుపులో ఒక చుక్క ఉండిపోతుంది. రేకుల కొసలకు ఎదురుగా బయటి అంచున ఆరు మూల చుక్కలు ఉంటాయి, అక్కడ ఒక్కో చిన్న మొగ్గ. మిగిలిన 18 చుక్కలనూ కలపకండి, చుక్కలుగానే ఉండనివ్వండి. అన్నీ కలిపేయాలన్న తపన వద్దు. గోడకు ఆ ఖాళీ కావాలి.

మెలికల ముగ్గు చాలా అందంగా ఉంటుంది గానీ మొదటి గోడకు వద్దంటాను. గీత ఎక్కడా తెగకుండా చుట్టూ తిరిగి మొదటికి రావాలి. కుంచె మధ్యలో ఆగితే ఆ అతుకు కనిపిస్తుంది. ఒక గోడ అయ్యాక, చెయ్యి కుదిరాక చూద్దాం.

సుద్దతో గీశాక పదిహేను అడుగులు వెనక్కి నడిచి చూడండి. మీరు రోజూ ఎక్కడి నుంచి చూస్తారో అక్కడి నుంచి, బండ దగ్గర నుంచో, వంటింటి కిటికీలోంచో. దగ్గర్లో బ్రహ్మాండంగా ఉన్నది అక్కడికి పోయేసరికి తీగముక్కలా కనిపించవచ్చు. నేల మీద ముగ్గు గీత వేలెడు కూడా ఉండదు. గోడకు ముప్పావు అంగుళం మందం ఉండాలి.

ఇప్పుడు తెల్ల ఎమల్షన్. డబ్బాలోంచి తీసినట్టే వాడితే గీత బిగుసుకుపోతుంది, ఎక్కువ నీళ్ళు పోస్తే కిందికి కారుతుంది. బజ్జీల పిండికీ దోసెల పిండికీ నడుమ ఉండాలి. ముప్పావు అంగుళం చదును కుంచెతో పొడవాటి గీతలు, 6 లేదా 8 నంబరు గుండ్రటి కుంచెతో మొగ్గలూ మలుపులూ. చుక్కలకు కుంచెకన్నా మంచి సాధనం ఉంది: రబ్బరున్న పెన్సిల్ వెనక వైపు, లేదా చిన్న సీసా మూత. రంగులో అద్ది గోడకు ఒత్తితే అన్ని చుక్కలూ ఒకే కొలతలో పడతాయి.

కుడిచేతి వాటం అయితే ఎడమ చివరి ముగ్గుతో మొదలుపెట్టండి, చెయ్యి తడి రంగు మీద పడదు. పైనుంచి కిందికి రండి. ఎర్రని గోడ మీద తెలుపు ఒక పూతకు లోపలి ఎరుపు కనిపిస్తుంది, రెండో పూత తప్పదు. గీత ఎక్కడైనా పక్కకు పోతే తడిగా ఉండగానే గుడ్డతో తుడవండి. ఆరిపోయాక చూసుకుంటే గోడ రంగుతోనే దిద్దుకోండి, అందుకే అది కొంచెం పక్కన పెట్టుకోవాలి.

అంచు

పైన వదిలిన 6 అంగుళాల కోసం ఇంటర్నెట్టు వెతక్కండి, బీరువా తెరవండి. మీ చీరల అంచులు అక్కడే ఉన్నాయి. పోచంపల్లి చీర మీది మెట్లు మెట్లుగా ఉండే డైమండ్లు గోడకు భలే కుదురుతాయి. అన్నీ గళ్ళ లెక్కే కాబట్టి మాస్కింగ్ టేపు అంటించి మధ్యలో రంగు నింపేయొచ్చు. గుడి గోపురాల్లాంటి త్రికోణాల అంచు అంతకన్నా తేలిక. లతలు కావాలంటే లేపాక్షి లతా మండపం స్తంభాల మీది తీగలు ఇప్పటికే చీరల మీదికి దిగాయి, మీ గోడ మీదికీ దిగొచ్చు.

లతలకు స్టెన్సిల్ కావాలి. ఇంట్లో పాత ఎక్స్‌రే ఫిల్ము ఉంటుంది కదా, ఆస్పత్రి కవర్లో అలాగే దాచిపెట్టి. డాక్టరుకు మళ్ళీ చూపించాల్సింది కాదని తేల్చుకుని దాన్ని తీయండి. తడికి పాడవదు, వంగుతుంది, కట్టర్‌తో నీట్‌గా తెగుతుంది. మొదట కాగితం మీద గీసి, ఫిల్ముకు కింద అంటించి, వెలుతురులో చూస్తూ కత్తిరించండి. కోసేటప్పుడు ఆకుకూ ఆకుకూ మధ్య చిన్న వంతెనలు వదలాలి, లేకపోతే మధ్య ముక్క ఊడిపోతుంది. రంగు వేసేది కుంచెతో కాదు, స్పాంజితో. గిన్నెలు తోమే స్పాంజి కొత్తది ముక్క కోసి, రంగులో అద్ది, ముందు పాత పేపరు మీద రెండుసార్లు ఒత్తి మిగులు రంగు తీసేసి, అప్పుడు గోడ మీద అద్దాలి. ఇంచుమించు ఆరిపోయిన స్పాంజి అన్నట్టుండాలి. రంగు ఎక్కువైతే ఫిల్ము కిందికి పాకి ఆకులన్నీ ఉబ్బిపోతాయి. ఐదారు అచ్చులకోసారి ఫిల్ము వెనక వైపు తుడవడం మర్చిపోకండి.

మాస్కింగ్ టేపు వాడినచోట రంగు కొంచెం తడిగా ఉండగానే, టేపును వెనక్కి మడిచి మెల్లగా లాగండి. పూర్తిగా ఆరాక లాగితే అంచు చిరుగుతుంది.

పిల్లలూ, బెండకాయలూ

గోడకు రంగు వేస్తుంటే పిల్లలు ఊరుకోరు. గేటు పక్కనో తులసికోట వెనకో రెండు మూడడుగుల జాగా వాళ్ళకు రాసిచ్చేయండి. ముదిరిపోయి కూరకు పనికిరాని బెండకాయలను అడ్డంగా కోసి రంగులో అద్ది ఒత్తితే ఐదు రేకుల పువ్వులు పడతాయి. ముదురుదైతేనే మంచిది, లేతది ఒత్తేసరికి నలిగిపోతుంది. కోశాక పేపరు మీద అద్ది జిగురు తీసేయండి. సగానికి కోసిన బంగాళాదుంప మీద చాకుతో ఆకో నక్షత్రమో చెక్కి ఇస్తే అదీ అచ్చే. పెడనలో కలంకారీ అద్దకానికి టేకు చెక్క మీద చెక్కే అచ్చులదీ ఇదే సూత్రం, పిల్లలకు ఆ సంగతి చెబుతూ చేయించండి. వాళ్ళు వేసినదాన్ని తర్వాత మీరు దిద్దకండి.

ప్రీకాస్ట్ గోడ, తడిక

ఇప్పుడు చాలా స్థలాలకు సిమెంటు స్తంభాల మధ్య పలకలు దించిన ప్రీకాస్ట్ ప్రహరీలే. వాటికి రెండు సంగతులు. కొత్త పలకలకు అచ్చులో పూసిన నూనె అంటుకుని ఉంటుంది, సబ్బు నీళ్ళతో తోమకపోతే రంగు నిలవదు. రెండోది, పలకలు ఎండకూ వానకూ కదులుతాయి. రెండు పలకల మీదుగా ఒకే ముగ్గు వేస్తే అతుకు దగ్గర గీత విరుగుతుంది. ఒక్కో పలకను ఒక్కో చీర అంచు అనుకుని అడ్డపట్టీలుగా వేసుకోండి. గోడ మొత్తం గద్వాల చీర ఆరేసినట్టుంటుంది.

వెదురు తడికకైతే గోడ రంగులు దండగ. పాత ప్లైవుడ్ ముక్కలకో రేకులకో రంగు వేసి తీగతో తడికకు కట్టేయండి. వానాకాలంలో విప్పి లోపల పెట్టుకోవచ్చు.

అయ్యాక

పైన వార్నిష్ లాంటిది వెయ్యాలా అని అడుగుతారు. ఎక్స్‌టీరియర్ ఎమల్షన్‌కు అక్కర్లేదు. పసుపుపచ్చగా మారే చవక వార్నిష్ వేస్తే తెల్ల ముగ్గే పాడవుతుంది. మొదటి మూడు వారాలు గోడను తోమకండి, పైపుతో నీళ్ళు కొట్టకండి. మొక్కలకు పోసే నీళ్ళు గోడ మీద చిందకుండా పాదులను గోడకు అడుగు దూరం జరపండి. కింద సున్నం ఎక్కువ రోజులు నిలవాలంటే అదే ముఖ్యం.

మిగిలిన రంగులను డబ్బాల్లో వదిలితే గాలి ఎక్కువై పైన తొరక కడుతుంది. మూత గట్టిగా పట్టే చిన్న సీసాల్లోకి అంచుదాకా నింపి, మీద రంగు పేరూ నంబరూ తారీఖూ రాసి, ఎండ తగలని చోట పెట్టండి. ఆ నంబరు ఉంటే రెండేళ్ళ తర్వాత షాపులో అదే ఎరుపు మళ్ళీ కలిపిస్తారు. కుంచెలను వెంటనే నీళ్ళలో కడిగి, వెంట్రుకలు పైకి ఉండేలా కాదు, పడుకోబెట్టి ఆరబెట్టండి. నిలబెడితే నీరు పిడిలోకి దిగి వెంట్రుకలు ఊడతాయి, మరుసటి ఏడు ధనుర్మాసంలో ముగ్గు దిద్దబోతే గీతంతా కుంచె వెంట్రుకలే.